డిటెన్షన్ సెంటర్‌లో ఉన్న తెలుగువాళ్ళను చూడటానికి వెళ్ళాలనుకుంటున్నాం, ఎలా మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న చదివాం. అట్లాంటా చుట్టుపక్కల ఉన్న కొందరు కలిసి, జార్జియా రాష్ట్రం లంప్‌కిన్‌లో, వలస కేసుల్లో పట్టుకున్నవాళ్ళను నిర్బంధించే స్టీవర్ట్ డిటెన్షన్ సెంటర్‌లో ఉన్న తెలుగువాళ్ళను పలకరించి రావాలనుకుంటున్నారు. ఎవరిని అడగాలి, లోపల ఏం మాట్లాడాలి, పలకరింపు కాక ఇంకేం చేయగలం అని అడిగారు. ఈ పనిలో ఉన్నవాళ్ళుగా తెలిసింది చెబుతున్నాం.

వారానికో కొత్త ముఖం వెళ్ళి రావడం వల్ల లోపలివాళ్ళకు ఒరిగేది తక్కువ. ఒక్కొక్కరి బాధ్యత ఒక్కరు తీసుకుని, కేసు తేలేదాకా వదలకుండా ఉండాలి. ఆరు నెలలు నిలబడలేని వాళ్ళను సందర్శనకు పంపకండి, అనువాదం పనో కారు నడిపే పనో ఇవ్వండి.

మొదట ఏ-నంబర్ సంపాదించండి. ఇమిగ్రేషన్ శాఖ మనిషికి ఇచ్చే ఫైలు నంబరు అది, తొమ్మిది అంకెలుంటుంది. పాత కాగితాల్లో ఎనిమిదే కనిపిస్తే ముందు సున్నా చేర్చాలి. వలస కేసుల్లో మనుషుల్ని పట్టుకుని నిర్బంధించే ఫెడరల్ సంస్థ ఐసీఈ. దాని వెబ్‌సైట్‌లోని డిటెయినీ లొకేటర్‌లో ఆ నంబరూ పుట్టిన దేశమూ ఇస్తే ఎక్కడ ఉంచారో తెలుస్తుంది. నంబరు లేకపోతే పేరుతో వెతకాలి. మనవాళ్ళకు చిక్కు వచ్చేది అక్కడే. ఐసీఈ రికార్డులో ఎలా ఉందో అచ్చం అలాగే కొట్టాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరుకూ సొంత పేరుకూ ఉన్న రెండు గడుల్లో ఒకటి ఖాళీగా ఉంటే, అమెరికా వీసా మీద మొత్తం పేరు ఇంటిపేరు గడిలోకి వెళ్ళి, రెండో గడిలో ఎఫ్‌ఎన్‌యూ (సొంత పేరు తెలియదు అని అర్థం) అని పడుతుంది. అందుకని పాస్‌పోర్టులో ఉన్నట్టు ఒకసారి, ముందువెనకలు మార్చి ఒకసారి, ఎఫ్‌ఎన్‌యూతో ఒకసారి వెతకండి. అరెస్టయిన వెంటనే రికార్డు ఎక్కకపోవచ్చు. 18 ఏళ్ళలోపు వాళ్ళు అందులో అసలు కనబడరు.

ఏ-నంబర్ ఉంటే ఇమిగ్రేషన్ కోర్టు ఆటోమేటెడ్ లైను 1-800-898-7180లో తర్వాతి హియరింగ్ తేదీ వినొచ్చు. లొకేటర్ మాత్రం ప్రతి వారం, బయలుదేరే రోజు పొద్దున కూడా చూడాలి. ముందు చెప్పకుండా వేరే రాష్ట్రానికి మార్చేయడం మామూలే. అట్లాంటా నుంచి సుమారు 140 మైళ్ళు నడిపి వెళ్ళాక మనిషి లూసియానాలో ఉన్నాడని తెలిస్తే ఆ రోజు వృథా. మార్చినప్పుడు కొత్త చోట ఫోను ఖాతా, కమిసరీ (లోపలి దుకాణం) డబ్బు మళ్ళీ మొదటినుంచి చూసుకోవాల్సి రావచ్చు. ఇంట్లోవాళ్ళకు ఆ కబురు అందించడమే చాలాసార్లు మన ముఖ్యమైన పని.

సందర్శన వేళలు సెంటర్‌ను బట్టి, ఒక్కోచోట వార్డును బట్టి మారతాయి. వెళ్ళే ముందురోజు ఫోను చేసి వేళలు, దుస్తుల నిబంధన, ఏ గుర్తింపు కార్డు చెల్లుతుందో, పేరు ముందే జాబితాలో చేర్పించాలో అడగండి. అంటువ్యాధి వచ్చిందని వార్డు మొత్తాన్ని క్వారంటైన్‌లో పెడితే ఎవరినీ కలవనివ్వరు, అదీ అడగండి. గుర్తింపు కార్డు చూస్తారు కాబట్టి సిటిజన్లు, గ్రీన్‌కార్డు వాళ్ళు ముందు వెళ్ళడం మంచిది. స్టేటస్‌లో ఏ చిన్న తేడా ఉన్నా గేటు దాకా కూడా వెళ్ళొద్దు. హెచ్-1బీ, ఎఫ్-1 వాళ్ళు తమ లాయరును అడిగాకే వెళ్ళాలి.

లంప్‌కిన్‌లో ఎల్ రెఫ్యూజియో అనే స్వచ్ఛంద సంస్థ 2010 నుంచి పనిచేస్తోంది. స్టీవర్ట్‌లో ఉన్నవాళ్ళ కుటుంబాలకు ఉచితంగా బస, భోజనం ఇస్తారు, సందర్శకులనూ పంపుతారు. కొత్త సంఘం పెట్టే ముందు అలాంటివాళ్ళ దగ్గర శిక్షణ తీసుకోండి. వాళ్ళకు తెలుగు వచ్చినవాళ్ళ అవసరం ఉంటుంది, మీకు వాళ్ళ అనుభవం అవసరం.

లోపల చాలాచోట్ల మధ్యలో అద్దం ఉంటుంది, ఫోనులోనే మాట్లాడాలి. ఆ మాటలు రికార్డవుతాయనే అనుకోండి. తెలుగులో మాట్లాడితే ఎవరికీ తెలియదన్న ధీమా వద్దు. ఎలా వచ్చావు, ఏ ఏజెంటు, కేసేంటి, ఏ కాలేజీ అని అడగకండి. సాటి తెలుగువాడు కనబడగానే చెప్పుకోవాలని వాళ్ళకే అనిపిస్తుంది, అప్పుడు మనమే ఆపి, అవి లాయరుకు చెప్పమనాలి. నిద్ర పడుతోందా, తిండి ఎలా ఉంది, మందులు ఇస్తున్నారా, ఇంటికి ఎవరికి ఫోను చేయమంటావు, ఇవి అడగండి. శాకాహారులైతే మతపరమైన ఆహారం కావాలని లిఖితపూర్వకంగా కోరమని చెప్పండి, నోటిమాటగా అడిగితే నిలవదు. రోజూ మందు వాడేవాళ్ళకు బ్రాండు పేరు కాక మందు అసలు పేరూ మోతాదూ రాసి ఇవ్వాలి. మన దగ్గరి బ్రాండు పేర్లు అక్కడి నర్సుకు తెలియవు. “తొందర్లో వచ్చేస్తావులే” అనే మాట మాత్రం అనొద్దు. అది మన చేతిలో లేదు, వాళ్ళు రోజులు లెక్కపెట్టుకుంటారు.

ఇది నేరానికి శిక్ష కాదు, సివిల్ చట్టం కింద నిర్బంధం. అందుకే క్రిమినల్ కేసుల్లోలాగా ప్రభుత్వం తన ఖర్చుతో లాయరును పెట్టదు. 2019 జనవరిలో, మిషిగన్‌లో ప్రభుత్వమే ఉత్తుత్తిగా నడిపిన ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారంలో పట్టుబడిన 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. ఇలాంటప్పుడు పిల్లలు భయంతో ముందున్న కాగితం మీద సంతకం పెట్టేస్తారు. వాలంటరీ డిపార్చర్ (తమంతట తాము దేశం విడిచి వెళ్ళడం) వేరు, రిమూవల్ ఆర్డర్ (దేశం నుంచి పంపేసే ఉత్తర్వు) వేరు. రెండోది పడితే మళ్ళీ రావడానికి ఏళ్ళ తరబడి అడ్డం. ఏది మంచిదో చెప్పడం మన పని కాదు, లాయరు కానివాళ్ళు కేసు సలహా ఇవ్వడం చట్టవిరుద్ధం కూడా. “అర్థం కాని కాగితం మీద సంతకం పెట్టకుండా లాయరుతో మాట్లాడతానని అడగొచ్చు” అని మాత్రం చెప్పొచ్చు. ఉచిత లాయర్ల జాబితా కోర్టు ఇస్తుంది. డబ్బిచ్చి పెట్టుకుంటే లైసెన్సు ఉందో లేదో ఆ రాష్ట్ర బార్ (లాయర్ల సంఘం) వెబ్‌సైట్‌లో చూడండి.

తెలుగువాళ్ళుగా మనం అందరికన్నా బాగా చేయగలిగింది అనువాదం. కోర్టుకిచ్చే ప్రతి తెలుగు కాగితానికీ ఇంగ్లిష్ అనువాదం, దానితోపాటు “నాకు ఈ భాష వచ్చు, ఇది నిజమైన, సరైన అనువాదం” అని అనువాదకుడి సంతకంతో ధ్రువపత్రం ఉండాలి. ఎఫ్‌ఐఆర్, ఆసుపత్రి చీటీ, తహసీల్దారు సర్టిఫికెట్ లాంటివాటిలో తప్పులు రెండుచోట్ల దొర్లుతాయి. ఒకటి తేదీలు: 05/06 అంటే మనకు జూన్ 5, వాళ్ళకు మే 6. నెల అక్షరాల్లో రాయండి. రెండోది పేర్లు: ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటే మీరు సర్దేయకండి, ఉన్నది ఉన్నట్టే రాసి లాయరుకు చెప్పండి. హియరింగ్‌లో దుబాసీని కోర్టే ఇస్తుంది. భారతీయుడు కదా అని హిందీ దుబాసీని పెడితే, అప్పటికప్పుడే “నాది తెలుగు” అని జడ్జికి చెప్పాలి. తలూపి ఊరుకుంటే తర్వాత సరిదిద్దడం కష్టం.

భారత కాన్సులేట్ అట్లాంటాలోనే ఉంది. పట్టుబడ్డ వ్యక్తి అడిగితేనే వాళ్ళకు కబురు వెళుతుంది. ఆశ్రయం కోరుతున్నవాళ్ళ విషయంలో మీ అంతట మీరు కాన్సులేట్‌కు ఫోను చేయకండి, కేసుకే నష్టం రావచ్చు.

బాండు, అంటే విడుదలకు కట్టే పూచీ డబ్బు, కనీసం 1,500 డాలర్లు, సాధారణంగా అంతకన్నా చాలా ఎక్కువే పడుతుంది. అందరికీ దొరకదు. 2025 సెప్టెంబరులో ఇమిగ్రేషన్ అప్పీళ్ళ బోర్డు, తనిఖీ లేకుండా సరిహద్దు దాటి వచ్చినవాళ్ళకు బాండు ఇచ్చే అధికారం జడ్జీలకు లేదంది. దానిమీద ఫెడరల్ కోర్టుల్లో పోరాటం జరిగింది. వీసాతో వచ్చినవాళ్ళ పరిస్థితి వేరు, లాయరును అడగండి. అందరూ చందాలేసుకుని కట్టేటప్పుడు ఒకటి గుర్తుంచుకోండి: కేసు ముగిశాక తిరిగి వచ్చే డబ్బు, బాండు ఎవరి పేరున కట్టారో వాళ్ళకే వస్తుంది. ఎవరికి ఎంత చేరాలో ముందే రాసుకోండి. బాండు కట్టిన వ్యక్తి ఇల్లు మారితే ఐసీఈకి ఐ-333 ఫారం పంపాలి, లేకపోతే నోటీసులు పాత చిరునామాకు పోతాయి. విడుదలైన మనిషి ఒక్క హియరింగ్ తప్పినా బాండు డబ్బు పోవచ్చు, రిమూవల్ ఆర్డరూ పడుతుంది.

విడుదల ఏ వేళకు చేస్తారో చెప్పరు. రాత్రిపూట, బస్సు లేని చిన్న ఊళ్ళో, ఛార్జింగ్ లేని ఫోనుతో బయటికొస్తారు. అందుకని బాండు కట్టిన రోజే ఇద్దరు కారుతో సిద్ధంగా ఉండాలి. ఛార్జరు, జాకెట్, కొంత నగదు, ఏదైనా తిండి కారులో పెట్టుకోండి. విడుదలైన మనిషి చిరునామా మారిన 5 రోజుల్లో కోర్టుకు ఈఓఐఆర్-33 ఫారం వెళ్ళాలి. ఆ ఫారం ప్రింటు కూడా కారులోనే ఉంచుకుని, ఇల్లు చేరగానే దగ్గర కూర్చోబెట్టి నింపించండి.