అన్‌ఇన్‌స్టాల్ నొక్కేముందు

చి. అమ్మలుకి,

పెద్దనాన్న ఆశీస్సులు. నీ ఫోన్‌లో మూడు రోజులుగా యాప్‌లన్నీ ‘పెండింగ్’ అంటూ గిరగిరా తిరుగుతున్నాయనీ, మీ అమ్మ ఐప్యాడ్‌లో అప్‌డేట్ నొక్కితే మీ అన్నయ్య పాస్‌వర్డ్ అడుగుతోందనీ రాశావు. పీజీ హాస్టల్లో పక్క మంచం అమ్మాయి వాట్సాప్ తీసేసి మళ్ళీ వేసుకోమందట. ఎస్పీ రోడ్డులో ఫోన్లు బాగుచేసే కొట్టతను ఐదొందలిస్తే ‘సాఫ్ట్‌వేర్ కొడతా’నన్నాడట. రెండూ ఇప్పుడే వద్దు.

అప్‌డేట్ అంటే ఇంట్లో సామాను ఎక్కడిదక్కడ ఉంచి గోడలకి సున్నం వేయించడం. అన్‌ఇన్‌స్టాల్ అంటే సామానుతో సహా ఇల్లు పడగొట్టడం. ఆండ్రాయిడ్‌లో యాప్ తీసేస్తే అది లోపల దాచుకున్నదంతా దాంతోపాటే పోతుంది. అందుకని ఏ హానీ లేని పనులు ముందు చేసుకుంటూ రావాలి, కోత పెట్టే పనులు చివరికి ఉంచుకోవాలి. నేను రాసిన వరస తప్పకు.

పెండింగ్ సంగతి ముందు చూద్దాం. ప్లే స్టోర్ తెరిచి, పైన కుడివైపు నీ బొమ్మ ఉన్న గుండ్రం నొక్కు. ‘మేనేజ్ యాప్స్ అండ్ డివైస్’ అని ఉంటుంది. అప్‌డేట్ కావలసినవన్నీ అందులో కనిపిస్తాయి. ప్లే స్టోర్ అన్నిటినీ ఒక్కసారి దించదు, రేషన్ కొట్టు దగ్గరలాగా వరసలో నిలబెడుతుంది. ముందు నిలబడినది ఒకటిన్నర జీబీ ఆట అయితే, వెనకున్న 40 ఎంబీ బ్యాంకు యాప్ ఎండలో ఉండాల్సిందే. అన్నిటినీ ఆపేసి, నీకు ఇప్పుడు కావలసిన ఒక్కదాన్నే మొదలుపెట్టు. చాలాసార్లు ముడి ఇక్కడే విడిపోతుంది.

విడిపోకపోతే నెట్టు చూడాలి. పీజీ వైఫైలకి తరచుగా లాగిన్ పేజీ ఉంటుంది. పైన గుర్తు నిండుగా వెలుగుతుంది కానీ ఆ పేజీ దాటేదాకా ఒక్క చుక్క రాదు. క్రోమ్‌లో ఎప్పుడూ చూడని సైటు ఒకటి తెరిచి చూడు, లాగిన్ పేజీ ఊడిపడితే దొంగ దొరికినట్టే. వైఫై ఆపి మొబైల్ డేటా మీద ఒక చిన్న యాప్ దించి చూడు. అది దిగితే తప్పు ఫోన్‌ది కాదు, పీజీ నెట్టుది. మొబైల్ డేటా మీద కూడా పెండింగ్ అంటే, ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ‘నెట్‌వర్క్ ప్రిఫరెన్సెస్’ కింద యాప్ డౌన్‌లోడ్ వైఫై మీద మాత్రమే అని ఉందేమో చూడు. ఫోన్‌లో డేటా సేవర్ వేసి ఉంటే అదీ తీసెయ్. వీపీఎన్ ఉన్నా, ప్రకటనలు రాకుండా ప్రైవేట్ డీఎన్ఎస్ పెట్టుకున్నా కాసేపు ఆపి చూడు.

రోజుకి 1.5 జీబీ ఇచ్చే ప్లాన్ వాళ్ళు మరిచిపోయే సంగతి ఒకటుంది. ఆ కోటా అయిపోయాక నెట్టు ఆగదు, వేగం 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. ఆ వేగంతో 100 ఎంబీ యాప్ దిగాలంటే మూడున్నర గంటలు పడుతుంది. సాయంత్రం రీల్స్ చూసి రాత్రి అప్‌డేట్ నొక్కితే అది పెండింగ్‌లాగే కనిపిస్తుంది. అర్ధరాత్రి దాటాక నొక్కు.

అసలు ఇన్ని అప్‌డేట్లు ఎందుకు పేరుకున్నాయో కూడా చెబుతాను. వాటంతటవే జరగాలంటే మామూలుగా ఫోన్ వైఫైలో ఉండాలి, చార్జింగ్‌లో ఉండాలి, ఎవరూ వాడకుండా ఉండాలి. ఆ మూడూ కుదిరేది రాత్రి నిద్రలోనే. పీజీ వాళ్ళు రాత్రి రౌటర్ ఆపేస్తున్నా, నువ్వు చార్జింగ్ ఆఫీసులోనే పెట్టుకుంటున్నా, ఆ ముహూర్తం ఎప్పటికీ కుదరదు. వారానికి ఒకసారి ఆదివారం పొద్దున చేతితో నొక్కడం అలవాటు చేసుకో.

తేదీ, టైము ఆటోమేటిక్‌లో ఉన్నాయో లేదో కూడా చూసుకో. ఆటల్లో లైఫ్‌ల కోసం గడియారం ముందుకు జరిపి అలాగే వదిలేస్తారు. టైము తప్పుంటే సర్వర్ ఇచ్చే సర్టిఫికెట్ చెల్లదని ఫోన్ అనుకుంటుంది, కనెక్షనే కలవదు.

ఇక జాగా సంగతి. నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూస్తే నాకు అసలు అనుమానం దీని మీదే. 64 జీబీలో 63 నిండి ఉంది. యాప్ సైజు 80 ఎంబీ అయితే 80 ఎంబీ ఖాళీ చాలదు. కొత్తది పూర్తిగా దిగి, సరిచూసుకుని, కూర్చునేదాకా పాతది కూడా అక్కడే ఉంటుంది. రెండు జీబీలైనా ఖాళీ ఉంచు. వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’, అందులో ‘మేనేజ్ స్టోరేజ్’ తెరువు. 5 ఎంబీ దాటినవీ, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవీ విడిగా పేర్చి చూపిస్తుంది. బంధువుల గ్రూపు ఒక్కటి చాలు, దేవుడి వీడియోలూ శుభోదయాలూ కలిపి మూడు నాలుగు జీబీలు అవలీలగా తేలతాయి. వాటిని తీసేసినా ఎవరి మనసూ నొచ్చుకోదు, పంపినవాళ్ళకి తెలియదు.

గ్యాలరీలో ఫొటోలు తీసేసి, జాగా పెరగలేదేమిటని చాలామంది తికమకపడతారు. తీసినవి చాలా ఫోన్లలో ముందు చెత్తబుట్టలోకి వెళ్ళి 30 రోజులు అక్కడే కూర్చుంటాయి. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయినవైతే 60 రోజులు. ట్రాష్ తెరిచి ఖాళీ చేస్తేనే జాగా చేతికొస్తుంది. ఇంకోమాట, ‘క్లీనర్’ అని పేరున్న యాప్ ఏదీ దించకు. జాగా లేదని ఏడుస్తుంటే ఇంకో చుట్టాన్ని ఇంట్లో పెట్టుకోవడమే అది.

జాగా చేసి ఫోన్ ఒకసారి ఆపి మళ్ళీ ఆన్ చెయ్యి. అప్పటికీ కదలకపోతే ప్లే స్టోర్‌నే శుభ్రం చేయాలి. సెట్టింగ్స్, యాప్స్, గూగుల్ ప్లే స్టోర్. ముందు ‘ఫోర్స్ స్టాప్’, తరువాత ‘స్టోరేజ్’లో ‘క్లియర్ క్యాష్’. పేరు విని కంగారుపడకు, పైసా పోదు; క్యాష్ అంటే యాప్ తాత్కాలికంగా దాచుకున్న సమాచారం. మళ్ళీ ప్రయత్నించు. కాకపోతే ‘క్లియర్ డేటా’ కూడా కొట్టు. ఇది ప్లే స్టోర్ డేటా మాత్రమే, నీ యాప్‌లకి ఏమీ కాదు. వైఫై, ఆటో అప్‌డేట్ లాంటి ఎంపికలు మళ్ళీ పెట్టుకోవాలి, అంతే. ‘గూగుల్ ప్లే సర్వీసెస్’ అనే దానికి మాత్రం క్యాష్ వరకే చాలు, డేటా జోలికి వెళ్ళకు. అక్కడ డేటా తుడిస్తే గూగుల్ వాలెట్‌లో పెట్టుకున్న కార్డుల్లాంటివి మళ్ళీ ఎక్కించుకోవాల్సి వస్తుంది. అదే జాబితాలో సిస్టమ్ యాప్‌లు చూపించమని ‘డౌన్‌లోడ్ మేనేజర్’ వెతుకు. ఎవరైనా బ్యాటరీ కోసమని దాన్ని డిసేబుల్ చేసి ఉంటే ఏదీ దిగకపోవచ్చు. ఇవన్నీ అయ్యాక ప్లే స్టోర్ పేజీలో మూడు చుక్కల కింద ‘అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్’ ఉంటుంది. అది నొక్కితే ప్లే స్టోర్ ఫోన్ కొన్ననాటి రూపానికి వెళ్ళి, తనంతట తానే మళ్ళీ కొత్తదవుతుంది.

బ్యాంకు యాప్ ‘అప్‌డేట్ చేస్తేనే తెరుస్తా’ అంటుంది, ప్లే స్టోర్‌కి వెళితే ‘ఓపెన్’ అని మాత్రమే ఉంటుంది. ఇద్దరి మధ్య మనం బంతిలాగా తిరుగుతాం. ప్లే స్టోర్ దగ్గర పాత సమాచారం ఉండిపోవడం వల్ల ఇలా అవుతుంది, పైన చెప్పిన క్యాష్ చాలు. మీ ఆఫీసులో అందరికీ కొత్త ఫీచర్ వచ్చి నీకు రాలేదంటే అది వేరే. తయారీదారులు కొత్త వెర్షన్‌ను ఒకేసారి అందరికీ వదలరు, కొద్దిమందికి ఇచ్చి, ఏమీ చెడకపోతే మిగతావాళ్ళకి పెంచుకుంటూ పోతారు. దానికి మందు లేదు, ఆగాలి.

ఒక్కోసారి తప్పు నీ ఫోన్‌దీ కాదు, ఆ యాప్‌దీ కాదు. 2021 మార్చిలో ‘ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ’ అనే అడుగున ఉండే భాగం చెడి, జీమెయిల్ లాంటి యాప్‌లు తెరవగానే మూసుకుపోయాయి. పై యాప్‌లు ఎన్నిసార్లు తీసి మళ్ళీ వేసినా ఫలితం లేకపోయింది. వెబ్‌వ్యూ, క్రోమ్ అప్‌డేట్ చేశాకే కుదుటపడ్డాయి. నాలుగైదు యాప్‌లు ఒకే రోజు మూసుకుపోతుంటే ముందు ఈ రెండిటినీ అప్‌డేట్ చెయ్యి.

ఏదీ పనిచేయక యాప్ తీసి మళ్ళీ వేయడం తప్పనిసరైతే, ముందు కొన్ని పనులున్నాయి. వాట్సాప్‌కి ‘చాట్ బ్యాకప్’లోకి వెళ్ళి ఆ నిమిషమే బ్యాకప్ కొట్టు. అది గూగుల్ ఖాతాలో ఉచితంగా వచ్చే 15 జీబీలో లెక్కకొస్తుంది. మెయిళ్ళతో, ఫొటోలతో అది నిండి ఉంటే బ్యాకప్ జరగదు, జరిగిన తేదీ కళ్ళారా చూసుకో. యూపీఐ యాప్ అయితే బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ ఆ ఫోన్‌లోనే ఉండాలి, మళ్ళీ నమోదుకి దాన్నుంచి ఎస్సెమ్మెస్ వెళ్ళాలి. రీచార్జి అయిపోయిన సిమ్‌తో ఈ పని పెట్టుకుంటే మధ్యలో ఇరుక్కుంటావు. ఆఫీసు లాగిన్‌కి కోడ్‌లిచ్చే ఆథెంటికేటర్ యాప్‌ను మాత్రం, కోడ్‌లు గూగుల్ ఖాతాకి సింక్ అయ్యాయని చూసుకోకుండా ముట్టుకోకు. అవి పోతే ఆఫీసు ఐటీ వాళ్ళ చుట్టూ తిరగాలి.

మీ అమ్మ ఐప్యాడ్‌లో చిక్కు రెండు రకాలది. అది ఐప్యాడ్ ఎయిర్ 2, 2014లో వచ్చిన మోడల్. దాని సిస్టమ్ ఐప్యాడ్‌ఓఎస్ 15 దగ్గర ఆగిపోయింది, 16 దానికి రాదు. 16 కావాలనే యాప్‌ల కొత్త వెర్షన్లు దానిలో ఎక్కవు. రెండోది, ఆ యాప్‌లు మీ అన్నయ్య ఆపిల్ ఖాతా మీద దించినవి. అందుకే అప్‌డేట్‌కి వాడి పాస్‌వర్డ్ అడుగుతోంది. ఆ యాప్‌లు తీసేసి అమ్మ పేరు మీద మళ్ళీ దించుదామని నీకు తోచి ఉంటుంది. తొందరపడకు. పాత ఐప్యాడ్‌కి సరిపడే చివరి వెర్షన్‌ను యాప్ స్టోర్ ఇవ్వజూపేది, అంతకుముందు ఆ యాప్ దించుకున్న ఖాతాకే. అమ్మ ఖాతా కొత్తది, దానికి 16 కావాలని చెప్పి పంపేస్తుంది. పాత ఖాతా అక్కడ బంగారం. అన్నయ్య చేతే పాస్‌వర్డ్ కొట్టించి, వాడి ఫోన్‌కి వచ్చే ఆరంకెల కోడ్ తీసుకుని అప్‌డేట్ చెయ్యి.

‘ఆఫ్‌లోడ్ యాప్’ అని ఐప్యాడ్ స్టోరేజ్‌లో ఒకటుంది. యాప్ పోయినా డేటా ఉంటుంది కనుక మామూలుగా మంచి ఉపాయమే. కానీ స్టోర్ నుంచే ఎత్తేసిన యాప్‌ని ఆఫ్‌లోడ్ చేస్తే తిరిగి రాదు, ముందు స్టోర్‌లో వెతికి చూసుకో. బ్యాటరీ సెట్టింగ్స్‌లో ‘లో పవర్ మోడ్’ వేసి ఉంటే ఆటోమేటిక్ డౌన్‌లోడ్‌లు జరగవు, అది తీసెయ్. ఎక్కని యాప్‌ల బదులు సఫారీలో ఆ సైట్లే తెరిచి హోమ్ స్క్రీన్ మీద పెట్టు, ప్రవచనాలకీ వంటలకీ అది చాలు. బ్యాంకు పనులు మాత్రం దాని మీద చేయనివ్వకు.

కొట్టతను పెన్‌డ్రైవ్‌లోంచి ఏపీకే, అంటే ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా వేసుకునే యాప్ ఫైలు, ఎక్కిస్తానంటే ఒప్పుకోకు. ప్రతి యాప్ మీదా దాని తయారీదారు సంతకం ఉంటుంది. పాతదాని సంతకమూ కొత్తదాని సంతకమూ కలవకపోతే ఫోన్ ‘యాప్ నాట్ ఇన్‌స్టాల్డ్’ అంటుంది. అప్పుడు పాతది తీసెయ్యమంటారు, నీ డేటా అక్కడ పోతుంది. ట్రాఫిక్ చలానా అనో పెళ్ళి శుభలేఖ అనో వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్ళు తిరుగుతున్నాయి. వాటిని వేస్తే ఎస్సెమ్మెస్‌లు చదివే యాప్ లోపలికి దూరుతుంది, ఓటీపీలు ఎదుటివాడికి వెళతాయి. అమ్మ పొరపాటున నొక్కితే ముందు నెట్టు ఆపి, వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చెయ్యండి.

నీ ఫోన్ ఈ వరసలో నువ్వే చేసుకోగలవు. ఐప్యాడ్ శనివారం పట్టుకురా. కుందలహళ్ళిలో మెట్రో ఎక్కి మెజెస్టిక్‌లో మారితే సంపిగె రోడ్డు స్టేషన్ నుంచి మన ఇల్లు నడకే. చార్జర్ మరవకు. మీ అన్నయ్యని పదకొండింటికి ఫోన్ దగ్గరే ఉండమను, ఆ ఆరంకెలు చదవడానికి.

ఆశీస్సులతో,
పెద్దనాన్న
మల్లేశ్వరం, బెంగళూరు