పొలంలో యంత్రం, మెమరీ కార్డులో లెక్కలు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మా రైతు సంఘం వేరుశనగ పొలాల మధ్య ఒక చిన్న వాతావరణ యంత్రాన్ని పెట్టుకుంది. వాన, ఉష్ణోగ్రత, గాలిలో తేమ పావుగంటకోసారి అందులోని మెమరీ కార్డులో నమోదవుతాయి. జూన్ నుంచి ఉన్న లెక్కలు తీసుకుందామని కార్డును లాగి కంప్యూటర్‌లో పెడితే, ఫార్మాట్ చేస్తే తప్ప వాడలేమని చూపిస్తోంది. ఫార్మాట్ చేస్తే ఫైళ్లు కనిపిస్తాయా?
– ఒక రైతు, కళ్యాణదుర్గం

జవాబు: దయచేసి చేయకండి. ఫార్మాట్ చేశాక కనిపించేది ఖాళీ కార్డు మాత్రమే. కార్డులో మీ లెక్కలు ఒకచోట ఉంటాయి, ఏ ఫైలు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పే పట్టిక మరొకచోట ఉంటుంది. యంత్రం రాస్తున్న క్షణంలోనే కార్డును లాగేస్తే చాలాసార్లు దెబ్బతినేది ఆ పట్టికే. అడంగల్ పుస్తకానికి చెదలు పట్టినంత మాత్రాన పొలం ఎక్కడికీ పోదు కదా. మీ లెక్కలు కూడా అక్కడే ఉండే అవకాశం ఎక్కువ.

ముందుగా మరో కార్డ్ రీడర్‌లో, వీలైతే మరో కంప్యూటర్‌లో పెట్టి చూడండి. మన ఎర్రమట్టి దుమ్ము కార్డు వెనుక ఉండే లోహపు పట్టీల మీద సన్నని పొరలా పేరుకుని కూడా ఇలాంటి ఇబ్బంది తెస్తుంది కనుక, వాటిని పొడి మెత్తని గుడ్డతో తుడవండి, బ్లేడుతో గీకవద్దు. కార్డు పక్కనున్న చిన్న మీటను లాక్ వైపు జరిపితే కంప్యూటర్ దాని మీద ఏమీ రాయకుండా ఉంటుంది. మైక్రో ఎస్‌డీ కార్డుకు ఆ మీట ఉండదు, దాన్ని దూర్చే అడాప్టర్‌కు ఉంటుంది. కంప్యూటర్ తానే ‘రిపేర్ చేస్తాను’ అన్నా ఇప్పుడే ఒప్పుకోవద్దు, ఎందుకంటే రిపేరు అంటే కార్డు మీద మళ్లీ రాయడమే. అదే కారణంతో ఆ కార్డును తిరిగి యంత్రంలోనూ పెట్టవద్దు. కొత్త లెక్కలు పాతవాటి మీద పడితే ఇక ఎవరూ వాటిని తిరిగి తేలేరు.

తర్వాత కార్డు మొత్తాన్ని యథాతథంగా ఒకే ఇమేజ్ ఫైలుగా కంప్యూటర్‌లోకి నకలు తీసి, ఆ నకలు మీదే పని చేయాలి. టెస్ట్‌డిస్క్, ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్లు ఈ పనికి బాగా ఉపయోగపడతాయి. రెండోదాని పేరులో ఫోటో ఉన్నా అది మామూలు అక్షరాల ఫైళ్లను కూడా వెలికితీస్తుంది. ఏ రీడర్‌లో పెట్టినా కార్డు ఉన్నట్టే గుర్తించకపోతే మాత్రం లోపం కార్డు లోపలి చిప్‌లో ఉన్నట్టు భావించి, డేటా రికవరీ చేసేవారికి చూపించడమే మార్గం. ఈలోగా యంత్రాన్ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కు కలిపి చూడండి; చాలా యంత్రాలు ఇటీవలి లెక్కలను తమ అంతర్గత మెమరీలోనూ దాచుకుంటాయి. ఇకపై కార్డు తీసే ముందు స్టాప్ బటన్ నొక్కి, దీపం మిణకడం ఆగేవరకు వేచి ఉండండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ మాత్రమే వాన పడే అనంతపురంలో, వేరుశనగ ఊడలు దిగే దశలో ఎన్నాళ్లు బెట్ట పట్టిందో చెప్పే రికార్డును తర్వాత ఎంత డబ్బు పెట్టినా మళ్లీ కొలవలేం.

ప్రశ్న: మా కళాశాల ఆవరణలోని పరిశీలక బోరులో నీటిమట్టాన్ని కొలిచే పరికరం ఉంది. పక్క బోరు మోటారును ఉదయం 6 గంటలకు వేస్తే, కార్డులోని ఫైల్లో మట్టం అర్ధరాత్రి దాటాక 12.30కు పడిపోయినట్టు ఉంటోంది. పరికరం పాడైందా?
– ఒక అధ్యాపకురాలు, అనంతపురం

జవాబు: పాడవలేదు. తేడా సరిగ్గా అయిదున్నర గంటలు కనుక, మీ పరికరం గ్రీనిచ్ కాలమానంలో రాస్తోందని చెప్పవచ్చు. ప్రతి వరుసకూ 5 గంటల 30 నిమిషాలు కలిపితే సరిపోతుంది, అయితే అసలు ఫైలును ముట్టుకోకుండా నకలులోనే కలపండి. వర్షమాపకం ఉన్నవారు ఈ విషయంలో మరింత జాగ్రత్తపడాలి: మన దేశంలో రోజు వర్షపాతాన్ని ఉదయం 8.30 నుంచి మర్నాడు 8.30 వరకు లెక్కిస్తారు, కానీ గ్రీనిచ్ అర్ధరాత్రికి రోజును ముగించే యంత్రానికి అది మన ఉదయం 5.30 అవుతుంది. తెల్లవారుజామున కురిసిన ఒకే వాన అలా రెండు తేదీల్లోకి చీలిపోతుంది.

ఫైల్లో 2000 అనో 1970 అనో సంవత్సరం కనిపిస్తే గడియారపు బటన్ బ్యాటరీ అయిపోయిందని అర్థం. యంత్రం మధ్యలో ఆగకుండా నడిచి ఉంటే, చివరి వరుసకు మీరు కార్డు తీసిన వేళను ఇచ్చి, అక్కడి నుంచి పావుగంట చొప్పున వెనక్కి లెక్కపెట్టి తేదీలను తిరిగి నిలబెట్టవచ్చు. కార్డు తీసిన ప్రతిసారీ యంత్రంలోని సమయాన్నీ ఫోన్‌లోని సమయాన్నీ పక్కపక్కనే నోటు పుస్తకంలో రాసుకోమని నేను గట్టిగా కోరేది అందుకే. ఎక్సెల్‌లో తెరిచేటప్పుడు 07/08 అన్నది ఆగస్టు 7కు బదులు జులై 8గా మారిపోలేదేమో కూడా చూసుకోండి.

ప్రశ్న: ఎంత పెద్ద కార్డు కొనాలి?
– ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: చిన్నదే చాలు. పావుగంటకోసారి నమోదైతే ఏడాదికి 35,040 వరుసలు. ఒక్కో వరుస 60 అక్షరాలనుకున్నా మొత్తం దాదాపు 2 ఎంబీ. 64 జీబీ, అంతకు మించిన కార్డులు ఫైళ్లను అమర్చే ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో వస్తాయి, ఫ్యాట్32 అనే పాత పద్ధతి మాత్రమే తెలిసిన యంత్రాలు వాటిని చదవలేవు. బాగా పాత యంత్రాలు కొన్ని 2 జీబీ దాటితేనే ఒప్పుకోవు. యంత్రంతో వచ్చిన పుస్తకంలో గరిష్ఠ పరిమాణం చూసి, ఒకే రకం కార్డులు రెండు కొనండి. ఒకటి యంత్రంలో ఉండగా రెండోదాన్ని ఇంటికి తెచ్చుకోవచ్చు. తెచ్చినదాన్ని రెండు వేర్వేరు చోట్ల నకలు తీసి, ఆ నకళ్లు తెరుచుకుంటున్నాయని చూశాకే చెరపండి.