ఇరాక్ యుద్ధంపై బ్రిటిష్ సర్వేల అంకెలు పొసగకపోవడానికి కారణం

మీ వ్యాసం కోసం సర్వేల అంకెలను పట్టికగా వేస్తుంటే, 2003లో బ్రిటిష్ ప్రజల్లో ఎక్కువమంది ఇరాక్ యుద్ధాన్ని వ్యతిరేకించారని ఒక సర్వే, సమర్థించారని మరొకటి చెబుతున్నాయని మీరు రాశారు. బహుశా రెండూ సరైనవే. వేర్వేరు ప్రశ్నలకు వచ్చిన జవాబులు మీ పట్టికలో ఒకే వరుసలో చేరి ఉంటాయి.

1. ముందు తేదీలను విడదీయండి. దాడి మార్చి 20న మొదలైంది. అంతకుముందు వ్యతిరేకత బలంగా ఉంది. సైనికులు రంగంలోకి దిగాక మద్దతు పెరిగింది.

2. తరువాత ప్రశ్న పూర్తి పాఠాన్ని చదవండి. చాలామంది వదిలేసేది ఈ మెట్టునే. ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి యుద్ధాన్ని అనుమతిస్తూ రెండవ తీర్మానం చేస్తే యుద్ధానికి ఒప్పుకుంటారా అని అడిగినప్పుడు ఎక్కువమంది ఔనన్నారు, అది లేకుండానైతే ఎక్కువమంది వద్దన్నారు. ఆ తీర్మానం చివరికి రానేలేదు. పత్రికల శీర్షికల్లో ఈ షరతు సాధారణంగా కనిపించదు కనుక, శీర్షికను చూసి అంకె రాసుకుంటే అర్థమే తారుమారవుతుంది. ప్రతి అంకె పక్కన షరతుకు ఒక గడి పెట్టండి.

3. జ్ఞాపకం మీద ఆధారపడిన అంకెలను వేరుచేయండి. బ్రిటిష్ సర్వే సంస్థ యూగవ్ 2003 సర్వేల్లో సగటున 54 శాతం యుద్ధాన్ని సమర్థించగా, అప్పట్లో సమర్థించామని 2015లో చెప్పినవారు 37 శాతమే. నా దృష్టిలో మీ వ్యాసానికి అన్నిటికంటే విలువైన విషయం ఈ తేడాయే.

4. మార్చి 18న బ్రిటిష్ పార్లమెంటులో యుద్ధానికి అనుకూలంగా పడిన 412, వ్యతిరేకంగా పడిన 149 ఓట్లు సభ్యులవి. వాటిని ప్రజాభిప్రాయం కింద చూపకండి.