అక్టోబరు డెన్మార్క్: అల్లుడుగారి పట్టికలో సగం కొట్టేయండి

ప్రశ్న: మా అమ్మాయి, అల్లుడు కోపెన్‌హాగెన్‌లో ఉంటారు. అక్టోబరు మూడో వారంలో ఇద్దరికీ ఆరు రోజులు సెలవు దొరికింది. అద్దె కారులో దేశమంతా చూపిస్తానని అల్లుడు ఒక పట్టిక పంపాడు: ఓడెన్స, లెగోలాండ్, ఆర్హుస్, స్కాగెన్, రీబె, మళ్లీ కోపెన్‌హాగెన్. మా ఇద్దరికీ అరవై దాటింది, పైగా శాకాహారులం. ఆ నెలలో అన్నీ వానలేనని, వేసవి దాకా ఆగమని తెలిసినవాళ్లు అంటున్నారు. వెళ్లమంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: నిక్షేపంగా వెళ్లండి. ఆపవలసింది ప్రయాణాన్ని కాదు, మీ అల్లుడుగారి కలాన్ని!

ఆయన రాసిన ఊళ్లన్నీ మంచివే. చాలనిది పగలు. అక్టోబరు మధ్యలో అక్కడ తెల్లవారేసరికి దాదాపు ఎనిమిదవుతుంది, సాయంత్రం ఆరు దాటాక పొద్దు గుంకుతుంది. కోపెన్‌హాగెన్ నుంచి దేశం ఉత్తరపు కొసన ఉన్న స్కాగెన్‌కు ఎక్కడా ఆగకపోయినా కారులో దాదాపు 5 గంటలు. రెండు సముద్రాలు ఎదురెదురుగా వచ్చి తాకే ఆ ఇసుక కొన చూడదగ్గదే. కానీ రానూపోనూ రెండు పగళ్లు రోడ్డుకే సమర్పించాలి. కొట్టేయండి. లెగోలాండ్ అనే పిల్లల వినోద పార్కును కూడా కొట్టేయండి. మీ వెంట పిల్లలు లేరు, ఆ వారం బడులకు సెలవు కాబట్టి దేశంలోని పిల్లలంతా అక్కడే ఉంటారు. ఒకప్పుడు పొలాల్లో బంగాళాదుంపలు తవ్వడానికి పిల్లలను వదిలిన వారం అది. తవ్వే పని పోయింది, సెలవు మిగిలింది. బసలు నిండిపోయేదీ అప్పుడే, కాబట్టి గదులు ఇప్పుడే చూసుకోమనండి.

రీబెకు మాత్రం రెండు రాత్రులు ఇవ్వండి. నేను రీబె ఉన్న జట్లాండ్ ద్వీపకల్పంలో, పడమటి తీరంలో కాపురం చేసినదాన్ని, పక్షపాతం ఉందనుకున్నా సరే. కోపెన్‌హాగెన్ నుంచి మూడు గంటల దారి. డెన్మార్క్‌లో అన్నిటికన్నా పాత పట్టణం అదే. రాళ్లు పరిచిన సన్నని వీధులు, ఒక పక్కకు ఒరిగిన ఇళ్లు, మధ్యలో పెద్ద చర్చి. నది ఒడ్డున ఒక కొయ్య స్తంభం ఉంటుంది. ఏ ఏడు తుపానులో సముద్రం ఎంత ఎత్తుకు వచ్చిందో దాని మీద గుర్తులు పెట్టారు. అన్నిటికన్నా పైన ఉన్నది 1634 నాటిది. మెడ బాగా వెనక్కి వంచితే గాని కనబడదు.

అసలు మిమ్మల్ని అక్కడికి పొమ్మనడం పక్షుల కోసం. రీబెకు దక్షిణాన, జర్మనీ సరిహద్దు దగ్గర టోండర్ అనే ఊరి చుట్టూ బురదనేలలు, తడి పచ్చికలు. వలస వెళ్లే స్టార్లింగ్‌లు, అంటే మన గోరువంకల కుటుంబానివే, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అక్కడ ఆగుతాయి. పగలంతా పచ్చికలో పురుగులు ఏరుకుని, పొద్దు వాలే వేళకు రెల్లుపొదల్లో పడుకోవడానికి గుంపులు గుంపులుగా వస్తాయి. ఒక్కో గుంపులో లక్షల పక్షులుంటాయి. డేగ ఒకటి మీదికి దూకిందంటే చాలు, గుంపంతా ముడుచుకుని నల్లబడుతుంది, మరుక్షణం సాగుతుంది, రెండుగా చీలి మళ్లీ కలుస్తుంది. తల మీదుగా వెళ్లినప్పుడు రెక్కల హోరు స్పష్టంగా వినిపిస్తుంది. తర్వాత ఉన్నట్టుండి అన్నీ రెల్లులోకి దిగిపోతాయి, ఇక కిచకిచలు మొదలు. డెన్మార్క్ వాళ్లు దీన్ని నల్ల సూర్యుడు అంటారు. ఏ సాయంత్రం ఏ పొదలో దిగుతాయో స్థానిక గైడ్‌లు కనిపెట్టి చెబుతారు, వాళ్లతోనే వెళ్లండి. గాలివానలో ఆట రక్తికట్టదు. రెండు రాత్రులు ఉండమన్నది అందుకే, ఒకటి పోయినా ఒకటి దక్కుతుంది. పొద్దుండగానే చేరితే పక్కనే ఉన్న మోగెల్‌టోండర్‌లో, చెట్ల వరుసల మధ్య గడ్డికప్పుల ఇళ్ల వీధిలో ఒక నడక నడిచి రావచ్చు.

తిరుగుదారిలో ఓడెన్సలో ఒక రాత్రి. హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ 1805లో పుట్టిన ఊరు. ఆయన పేరిట 2021లో తెరిచిన మ్యూజియాన్ని జపాన్ వాస్తుశిల్పి కెంగో కుమా రూపొందించాడు. సోమవారం చాలా మ్యూజియాలకు సెలవు, చూసుకోండి. ఆర్హుస్ మరోసారి చూడవచ్చు. దాని బదులు మోన్ ద్వీపానికి వెళ్లండి. 128 మీటర్ల దాకా లేచిన సుద్దకొండలు, వాటి మీద రాగిరంగు తిరిగిన బీచ్ అనే జాతి చెట్లు. కిందికి దాదాపు 500 మెట్లు. దిగడం తేలికే, ఎక్కేటప్పుడు మోకాళ్లు లెక్క అడుగుతాయి. పైబాటలో నడిచినా సముద్రం బాగా కనబడుతుంది. వానల తర్వాత సుద్ద విరిగిపడుతుంది, అంచుకు పోవద్దు.

కారు సంగతి అల్లుడుగారికి తెలిసే ఉంటుంది, అయినా చెబుతాను: కుడికి తిరిగేటప్పుడు పక్కనుంచి తిన్నగా వచ్చే సైకిలుకే దారి. సమయ పరిమితి ఉన్న పార్కింగ్‌లో, వచ్చిన సమయం చూపే డిస్క్ అద్దం మీద ఉండాలి, లేకపోతే జరిమానా. దారిలో సముద్రం దాటించే గ్రేట్ బెల్ట్ వంతెనకు వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ టోల్ కట్టాలి, అదేమీ తక్కువ కాదు. పల్లెదారుల్లో ఇళ్ల ముందు చిన్న బల్ల మీద గుమ్మడికాయలు, ఆపిల్స్, తేనె సీసాలు పెట్టి, పక్కన డబ్బుల డబ్బా ఉంచుతారు. మనిషి ఉండడు. చాలామంది ఫోనుతో కడతారు, అది అక్కడి బ్యాంకు ఖాతా ఉన్న మీ అమ్మాయికే వీలవుతుంది. జేబులో కొన్ని అక్కడి క్రోన్ నాణేలుంటే మీరూ కొనుక్కోవచ్చు. యూరోలు మార్చుకుని రావద్దు.

ఇక తిండి. చిన్న ఊళ్లలో హోటళ్ల వంటగదులు తొందరగా మూసేస్తారు, శాకాహారం ఒకటో రెండో రకాలు. కాబట్టి రీబె దగ్గర హోటలు బదులు వంటగది ఉన్న సెలవు ఇల్లు తీసుకోండి. కరెంటు బిల్లు వేరుగా వేస్తారు, వెళ్లేటప్పుడు ఇల్లు తుడవాలి లేదా ఆ రుసుము కట్టాలి. ఒప్పుకునే ముందే ఆ షరతులు చదవమనండి.

వాన పడుతుంది, సందేహం లేదు. అది గాలితో అడ్డంగా కొడుతుంది కాబట్టి గొడుగు మోయడం దండగ. తలకప్పు ఉన్న రెయిన్‌కోటు, తడవని బూట్లు సర్దుకోండి.