మండల విలేకరికి యాడ్ టార్గెట్ పెడితే ఏమవుతుందో చూశాను

‘పత్రికలు స్వతంత్రంగా ఉంటే మామూలు జనానికి ఒరిగేదేంటి, మానవ హక్కులతో దానికేం సంబంధం?’ అని అడిగారు. కోనసీమలో ఒక మండలానికి ఆరేళ్ళు ఒక పత్రిక కంట్రిబ్యూటర్‌గా, అంటే జీతం లేని విలేకరిగా పనిచేశాను. చూసింది చెబుతాను.

మీడియా స్వేచ్ఛ అనగానే ప్రభుత్వం గురించో, పత్రికల యజమానుల గురించో మాట్లాడతారు. అదీ నిజమే. కానీ మా దగ్గర ఆ స్వేచ్ఛ పోయింది యాడ్ టార్గెట్ దగ్గర. మాకు జీతం ఉండదు. అచ్చయిన వార్తలకి లైన్ల లెక్కన కొంత డబ్బు (లైన్ అకౌంట్) ఇస్తారు, అది బండి పెట్రోలుకే చాలదు. సంక్రాంతికి, ఆగస్టు 15కి, పత్రిక వార్షికోత్సవానికి మాత్రం ఇన్ని వేల యాడ్లు తేవాలని టార్గెట్ పెడతారు. మండలంలో యాడ్ ఇవ్వగలిగేది ఎవరు? రొయ్యల మేత డీలరు, ప్రైవేటు స్కూలు, ఇటుక బట్టీ యజమాని, గల్ఫ్‌కి మనుషుల్ని పంపే ఏజెంటు. రేపు ఎవరి మీద వార్త రాయాల్సి వస్తుందో, ఇవాళ వాళ్ళ గుమ్మం ముందే నిలబడాలి.

ఒకసారి లంక గ్రామం నుంచి ఒక పెద్దావిడ మా ఇంటికొచ్చింది. కూతుర్ని ఇంటిపనికని విజిట్ వీసా మీద మస్కట్ పంపారట. అక్కడ పాస్‌పోర్టు లాక్కున్నారు, మూడు నెలలుగా జీతం లేదు, కొడుతున్నారు. రాత్రి బాత్రూంలో దాక్కుని ఆ పిల్ల పంపిన వాయిస్ మెసేజ్ నాకు వినిపించింది. 1983 నాటి వలసల చట్టం ప్రకారం విదేశాల్లో పనికి మనుషుల్ని పంపే ఏజెంటు కేంద్రం దగ్గర రిజిస్టర్ అయి ఉండాలి. ఇతను కాలేదు. అంటే అతని పేరే అసలు వార్త. అన్నీ రాసి పంపాను. వార్తలు దిద్దే మా పత్రిక డెస్క్ నుంచి ఫోనొచ్చింది: ‘పేరు తీసేస్తున్నాం, సంక్రాంతికి హాఫ్ పేజీ ఇచ్చాడు కదా.’ మర్నాడు ‘గల్ఫ్‌లో మహిళ అవస్థలు’ అని నాలుగు లైన్లు వచ్చాయి. ఊరు పేరు కూడా లేదు. ఆ పేపర్ పట్టుకుని ఆవిడ మళ్ళీ వచ్చి, ‘ఇందులో మా అమ్మాయి ఏదండి బాబూ?’ అంది. ఏం చెప్పాలో నాకు తెలియలేదు.

ఆ కాగితాలే పక్క టౌన్‌లో పదిహేను రోజులకోసారి వచ్చే చిన్న పత్రిక నడిపే ఆయనకి ఇచ్చాను. ఆయన ఆ ఏజెంటు దగ్గర ఎప్పుడూ యాడ్ తీసుకోలేదు. పేరుతో సహా మొదటి పేజీలో వేశారు. పోలీసులు ఏజెంటుని పిలిపించారు. టికెట్టు డబ్బులు అతని చేతే కట్టించారు. నెల తిరక్కుండా అమ్మాయి ఇల్లు చేరింది.

1979లో బీహార్ జైళ్ళ విషయంలోనూ వార్తే దారి చూపింది. విచారణ లేకుండా ఏళ్ళ తరబడి మగ్గుతున్న ఖైదీల గురించి ఇండియన్ ఎక్స్‌ప్రెస్ రాసింది. నేరం రుజువైతే పడే శిక్ష కంటే ఎక్కువ కాలం లోపలున్నవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. ఆ వార్తల ఆధారంగా, ఆ ఖైదీల్లో ఒకరైన హుస్సేనారా ఖాతూన్ పేరుతో వేసిన కేసులోనే, సత్వర విచారణ రాజ్యాంగం 21వ అధికరణం (జీవించే హక్కు, వ్యక్తిగత స్వేచ్ఛ) కింద హక్కని సుప్రీంకోర్టు చెప్పింది.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి కష్టం వస్తే ఒక్క విలేకరినే నమ్ముకోకండి. విదేశాంగ శాఖ ‘మదద్’ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి, రెండు మూడు పత్రికలకి కాగితాలివ్వండి. ఇచ్చేటప్పుడే ఏజెంటు పేరు వేస్తారా లేదా అని మొహమాటం లేకుండా అడగండి.