వెల్నీకి బయలుదేరే ముందు: మేనకోడలికి మామయ్య లేఖ

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

కేంబ్రిడ్జిలో ఉద్యోగంలో చేరిన మొదటి చలికాలంలోనే హంసలను చూడడానికి అక్కడికి ఉత్తరాన ఉన్న వెల్నీ పక్షి సంరక్షణ కేంద్రానికి వెళ్తున్నావని తెలిసి ఎంతో సంతోషించాను. ఏళ్ల తరబడి ఆ పల్లపు నేలల్లో తిరిగినవాణ్ణి గనుక కొన్ని మాటలు ముందే చెప్పాలనిపించింది.

హంస అనగానే మనకు తోచే తెల్లదనం అక్కడ నీకేమీ ఉపయోగపడదు. కనిపించే మూడు రకాలూ తెల్లనివే. అందుచేత మొదట ముక్కు చూడు. నారింజరంగు ముక్కు, దాని మొదట్లో నల్లని బుడిపె ఉంటే అది ఏడాది పొడవునా ఇంగ్లండులోనే ఉండే మ్యూట్ హంస. ముక్కులో పసుపు, నలుపు కలిసి ఉంటే చలికాలానికి వలస వచ్చినదని గ్రహించి, ఆ పసుపు ఎంతవరకు పాకిందో గమనించు. ముక్కురంధ్రాలను దాటి కోసుగా సాగితే ఐస్‌లాండ్ నుంచి వచ్చిన హూపర్ హంస. రంధ్రాల వెనకే గుండ్రంగా ఆగిపోతే రష్యా ఉత్తరాన చెట్లు పెరగని చలినేల అయిన టండ్రా నుంచి వచ్చిన బ్యూయిక్ హంస. బ్యూయిక్ చిన్నది, మెడ పొట్టిది అన్నది నిజమే కానీ, పక్కన పోల్చి చూడడానికి మరొకటి లేనప్పుడు పరిమాణాన్ని నమ్మవద్దు. ఒంటరిగా ఉన్న హూపర్‌ను బ్యూయిక్‌గా రాసుకుని నేను పొరబడింది అలాగే.

బ్యూయిక్ ముక్కుపై పసుపు, నలుపుల అమరిక ఏ రెండు పక్షులకూ ఒకేలా ఉండదు. ఇంగ్లండులోని స్లింబ్రిడ్జి పక్షి సంరక్షణ కేంద్రంలో పక్షి పరిశీలకుడు పీటర్ స్కాట్ 1964లో ఆ బొమ్మలు గీసుకుంటూ ఒక్కొక్క హంసనూ విడిగా గుర్తుపట్టడం మొదలుపెట్టారు. నువ్వూ ఒక చిన్న పుస్తకంలో గీసుకో. చూపు దానంతటదే పదునెక్కుతుంది.

బూడిదరంగు పిల్లల ముక్కు చూసి రకం తేల్చడం కష్టం. అయితే వలస హంసల పిల్లలు తొలి చలికాలమంతా తల్లిదండ్రులను అంటిపెట్టుకునే ఉంటాయి కాబట్టి, పక్కనున్న పెద్దవాటిని చూస్తే చాలు.

పగలు అవి చుట్టుపక్కల పొలాల్లో, కోత తరువాత మిగిలిన చక్కెర బీటు ముక్కలూ బంగాళాదుంపలూ తింటూ గడుపుతాయి. చీకటి పడేవేళకు నక్కలు చేరలేని నీటి మీదికి వస్తాయి. వెల్నీ దగ్గరి ఊజ్ వాషెస్, పదిహేడో శతాబ్దంలో తవ్విన రెండు సమాంతర కాలువల మధ్య చలికాలపు వరద నిలిచే పచ్చికనేల. వాటికి అంతకన్నా అనువైన చోటు ఉండదు. నువ్వు సూర్యాస్తమయానికి గంట ముందే చేరుకో. బాకా ఊదినట్టున్న హూపర్ల కూత ముందు వినిపించి, తరువాత గుంపు కనిపిస్తుంది. మ్యూట్ హంస ఎగిరేటప్పుడు మాత్రం రెక్కల హోరే దూరం దాకా వినిపిస్తుంది.

వసంతంలో మీ కామ్ నది ఒడ్డున మ్యూట్ హంస గూడు కనబడితే దగ్గరికి పోకమ్మా. సుమారు 36 రోజులు పొదిగే ఆ కాలంలో మగది రెక్కలు విల్లులా ఎత్తి మీదికి వస్తుంది. చేపలగాలపు దారంలో చిక్కుకున్న హంసను చూస్తే నువ్వే లాగే ప్రయత్నం చేయకుండా, జంతు సంరక్షణ సంస్థ ఆర్‌ఎస్‌పీసీఏ వారికి ఫోన్ చెయ్యి.

బ్యూయిక్ కనిపిస్తే కాసేపు నిలబడి తనివితీరా చూడు. వాయవ్య ఐరోపాలో చలికాలం గడిపేవి 1995లో సుమారు 29 వేలుండగా, 2010 నాటికి 18 వేలకు తగ్గాయి. చలి తగ్గుతున్నకొద్దీ కొన్ని ఇంకా తూర్పునే ఆగిపోతున్నాయి. ఎన్ని పెద్దవి, ఎన్ని పిల్లలు, ఏ కాలికైనా గుర్తింపు కోసం తొడిగిన ఉంగరం ఉంటే దాని మీది అక్షరాలేమిటి అన్నవి తేదీతో సహా రాసుకుని, అక్కడి సిబ్బందికి చెప్పి, నాకూ ఒక ప్రతి పంపించు.

ఆశీస్సులతో,
మామయ్య