అనంతగిరి ఘాట్‌లో మోకాళ్ల నొప్పికి సమాధానం

శృంగవరపుకోట దాటి సైకిల్‌పై అనంతగిరి ఘాట్ ఎక్కుతుంటే మోకాళ్లు పట్టేస్తున్నాయని, అక్టోబరులో 200 కిలోమీటర్ల రైడుకు ఎలా సిద్ధపడాలని అడిగారు. మీరు రాసినట్లు ముందు పళ్లచక్రానికి 34, వెనుక పళ్లచక్రానికి 25 పళ్లతో ఎక్కితే పెడల్ నిమిషానికి 50 సార్లు తిరగడమే కష్టమై, ప్రతి తొక్కుడు భారమూ మోకాలి చిప్పపైనే పడుతుంది. వెనుక 34 పళ్ల చక్రం ఉన్న క్యాసెట్ (వెనుక పళ్లచక్రాల సెట్టు) వేయించుకుంటే అదే వేగానికి 68 సార్లు తిప్పుతారు, నొప్పి చాలావరకు తగ్గుతుందని నా నమ్మకం. అయితే మీ డిరైలర్ (చైనును ఒక పళ్లచక్రం నుంచి మరోదానికి మార్చే భాగం) అంత పెద్ద పళ్లచక్రాన్ని అందుకుంటుందో లేదో మెకానిక్‌కు ముందే చూపించండి. చైను కూడా పొడవుది కావాలి.

వారానికి రెండు ఉదయాలు సింహాచలం ఘాట్‌ను సీటు మీద నుంచి లేవకుండా, పక్కవారితో మాట్లాడగలిగేంత నెమ్మదిగా ఎక్కండి. అక్టోబరులో మనకు వానలు ఇంకా పడుతుంటాయి కనుక, దిగేటప్పుడు తడి ఆకులున్న మలుపు రాకముందే బ్రేకు పట్టి, మలుపులో వదిలేయండి.